వెనక నుంచి వినపడే గొంతు

అల్ ఖూజ్, దుబాయ్
అక్టోబరు 2021

అక్కకు ఆశన్న దండాలు.

నేనిక్కడ బాగున్నాను. రాస్ అల్ ఖైమాలో నువ్వూ బాగున్నావనే అనుకుంటాను. బాగాలేకపోయినా నువ్వు రాసే మనిషివి కాదు. ఈ ఉత్తరం చాంద్ బాషా భాయ్ చేతికిస్తున్నాను. అక్కడ టైల్స్ ఎక్కించుకుని వారం వారం మా గోదాముకు వస్తాడు. వాళ్ళావిడ అమీనాబీ నువ్వుండే అరబ్బు ఇంట్లోనే వంట చేస్తుంది కాబట్టి మనకు ఇంతకంటే నమ్మకమైన టపా దొరకదు. పగలంతా ఫోన్ కట్టేసి పెట్టాలంటావు, రాత్రయితే మాట్లాడే ఓపిక లేదంటావు. వంట చేసేవాళ్ళకు ఫోన్ ఎందుకు వద్దంటారో నాకైతే అర్థం కాలేదు. సరే, ఇక కాగితం మీదే మాట్లాడుకుందాం.

ఈ వారం నా పరువు పోయి మళ్ళీ వచ్చింది. పక్క గోదాములోకి ఏదో క్లబ్బు వాళ్ళ ఆటసామాను దిగింది. అందులో ఒక ఇనుప బండి. చక్రాల్లేవు, ముందువైపు మనిషెత్తు దిండ్లు బిగించి ఉన్నాయి. ఫోర్క్‌లిఫ్ట్ తోలే పఠాన్ నమాజుకు పోయాడు. సామాను ఎండలో ఉందని వాళ్ళు గొణుగుతుంటే నేను పోయి దిండుకు భుజం ఆనించి, బండిని వాకిట్లోంచి లోపలి గోడదాకా తోసేశాను. తిరిగి చూస్తే అందరూ నవ్వుతున్నారు. అది తోయడానికే చేసిన బండి అట అక్కా. ఆటగాళ్ళు దాన్ని తోసి తోసి బలం తెచ్చుకుంటారట, అదీ నలుగురైదుగురు కలిసి.

నవ్వనివాడు ఒక్కడే, చేతికర్ర పట్టుకున్న పెద్దాయన. పేరు డారెల్. అమెరికాలో ఈ ఆట ఆడి బతికినవాడు, ఇప్పుడు ఇక్కడ కోచ్. చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడట, వచ్చీరాని హిందీలో నా సంగతులన్నీ అడిగి శుక్రవారం గ్రౌండుకు రమ్మన్నాడు. వెళ్ళాను.

అమెరికా ఫుట్‌బాల్ అంటారు గాని కాలికి పెద్ద పనేమీ లేదు. బంతి కోలగా ఉంటుంది. ఒకడు వెనక నిలబడి దాన్ని దూరంగా విసురుతాడు, వాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడు విసిరేలోపు పడేయాలని అవతలివాళ్ళు మీదికొస్తారు. వాళ్ళను రానివ్వకుండా ఐదుగురు వరసగా నిలబడి అడ్డుకోవాలి. నాకిచ్చింది ఆ పని. బంతి ముట్టుకునే హక్కు నాకు లేదు. చెబితే నవ్వుతావేమో గాని నాకు బాగా నచ్చింది.

నీ తమ్ముడు
ఆశన్న

*

రాస్ అల్ ఖైమా
నవంబరు 2021

తమ్ముడు ఆశన్నకు అక్క ఉమాదేవి దీవెనలు.

నవ్వుతావేమో అన్నావు. నవ్వాను. అమీనాబీకి చదివి వినిపిస్తే ఆమె నవ్వీ నవ్వీ కూర మాడబెట్టింది. చాంద్ బాషా అయితే వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గరే అడుగుతున్నాడు, "ఏమమ్మా, మీవోడు ఇంగా ఆ బాలు ముట్టుకోల్యా?" అని. వారానికి ఒక్కరోజు సెలవు దొరికితే ఒళ్ళు తెలియకుండా పడుకోవాల్సినవాడివి, పోయి పరాయివాళ్ళ చేత ఒళ్ళు హూనం చేయించుకుని వస్తానంటున్నావు. జీతం లేదు, బంతీ లేదు. ఏం నచ్చిందిరా నీకు అందులో?

కోప్పడుతున్నానని అనుకోకు. ఏం నచ్చిందో నాకు తెలుసు. మన ఖానాపూర్ కబడ్డీ జట్టులో నువ్వు మూలన నిలబడితే కూతకొచ్చినవాడు ఆ వైపు కాలు పెట్టడానికే జంకేవాడు. నీకు చీలమండ దొరికిందంటే వాడి కూత అక్కడే ఆగేది. నాయన గీత బయట నిలబడి "ఇడువకు బిడ్డా, ఇడువకు" అని గొంతు పోయేలా అరిచేవాడు. దుబాయ్ వచ్చాక టైల్స్ డబ్బాలు తప్ప నీ బలం అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఎవరో అడిగారు. ఆడుకో. దెబ్బలు మాత్రం తగిలించుకోకు.

నాకిక్కడ ఏ లోటూ లేదు. వంటింట్లో పని, తిండికి కొదవ లేదు. నడుము కాస్త పట్టేస్తోంది, అంతే.

అక్క

*

దుబాయ్
ఫిబ్రవరి 2023

అక్కకు దండాలు.

నడుముకు మలాము పంపుతున్నాను, బాషా భాయ్ ఇస్తాడు. ఎప్పుడు చూసినా నడుము నొప్పంటావు, అడిగితే బియ్యం బస్తాలంటావు. ఆ ఇంట్లో తినేది ఎంతమంది? వాళ్ళింట్లో మగవాళ్ళెవరూ బస్తా ఎత్తరా?

నా కబురు విను. ఇన్నాళ్ళూ సరదాకు ఆడింది ఇప్పుడు బతుకుతెరువయింది. డబ్బులిచ్చి ఆడించే కొత్త లీగ్ ఒకటి ఇక్కడ పెట్టారు, మా క్లబ్బు నన్ను జీతానికి తీసుకుంది. గోదాము ముదీర్, అదే మా మేనేజరు, రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టి "యల్లా, పో, పేరు తెచ్చుకో" అన్నాడు. ఇప్పుడు నా వీసా క్లబ్బు మీద ఉంది. సీజన్ అయిపోయాక ఒప్పందం మళ్ళీ రాస్తారు. రాయకపోతే వీసా ఖలాస్, ఇంటికైనా పోవాలి, గోదాము వాళ్ళ కాళ్ళైనా పట్టుకోవాలి. తర్వాత తిడతావని ముందే చెబుతున్నాను.

పేరు తెచ్చుకోమన్న ముదీర్‌కు తెలియదు, నా పనిలో పేరు రాదు. డారెల్ సార్ అమెరికాలో పెద్ద పెద్ద స్టేడియాల్లో ఇదే పని చేశాడు. రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాడు. చేతివేళ్ళు తలా ఒక దిక్కుకు వంగి ఉంటాయి, చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకుంటాడు. మైకులో మన నంబరు వినపడిందంటే మనం తప్పు చేశామని అర్థం, ఎవరూ మన ఊసెత్తకుండా ఇంటికి పోతే ఆ రోజు బాగా ఆడినట్టు అని నాకు మొదటి రోజే చెప్పాడు.

మా జట్టులో బంతి విసిరేవాడి పేరు కైల్. అమెరికా నుంచి వచ్చాడు, నాకంటే చిన్నవాడు, నన్ను యాష్ అని పిలుస్తాడు. వారానికోసారి మా గదికొచ్చి నేను వండిన కోడికూర కళ్ళనీళ్ళు కారుతుంటే తింటాడు, అయినా ఇంకా వేయమంటాడు. వాడు కుడిచేత్తో విసురుతాడు కాబట్టి ఎడమ పక్క నుంచి వచ్చేది వాడికి కనపడదు. ఆ పక్క నాది. ఆట జరిగేటప్పుడు వాడి ముఖం నేను చూడలేను. వంగి నిలబడి ఎదుటివాడి మీదే కన్ను పెట్టాలి. వెనక వాడు అంకెలు అరుస్తాడు, ఫలానా అంకెకు బంతి కదులుతుంది. నాకు వినపడేది ఆ గొంతే. వాడు హుషారుగా ఉన్నాడో, భయపడుతున్నాడో, పక్క జట్టును ఏమార్చబోతున్నాడో ఆ గొంతును బట్టే చెప్పేస్తాను. మనుషుల గొంతు ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ వినలేదు.

నీ ఆశన్న

*

రాస్ అల్ ఖైమా
మార్చి 2023

తమ్మీ,

మలాము అందింది. బస్తాల సంగతి మళ్ళీ మళ్ళీ అడగకు, ఎత్తేది నేను గాని నువ్వు కాదు.

వీసా మార్చుకున్నావని చదివి నా గుండె జారింది. నన్ను అడగకుండా సంతకాలన్నీ అయ్యాక చెబుతున్నావు, దానికి "ముందే చెబుతున్నాను" అని పేరు పెట్టావు. ఆ తెలివి నాయనది. సరే, అయిందేదో అయింది. చేతనైనన్నాళ్ళు బాగా ఆడు.

ఆ కైల్‌కు కూరలో కారం తగ్గించి పెట్టు. ఎవరి బిడ్డో ఏమో, వాడి పొట్ట పాడుచేయకు.

అక్క

*

దుబాయ్
జనవరి 2024

అక్కకు దండాలు.

మొన్న మైకులో నా నంబరు వినపడింది.

హోల్డింగ్ అంటారు దాన్ని. ఎదుటివాణ్ణి అరచేతులతో తోయవచ్చు, అడ్డుపడవచ్చు. పట్టుకోకూడదు. వాడు నా పక్కనుంచి జారిపోతుంటే నా చేయి దానంతటదే పోయి వాడి నడుము చుట్టేసింది. నేను అనుకుని చేసింది కాదు అక్కా. పక్కనుంచి మనిషి జారితే పట్టుకోమని చిన్నప్పటి నుంచి నేర్చిన చేతులు, వాటికి దుబాయ్ వచ్చామని తెలియదు. అంపైరు పసుపు గుడ్డ విసిరాడు. మావాడు సాధించిన పాయింట్లన్నీ రద్దు. ఈ సీజన్‌లో ఇలా కావడం ఇది మొదటిసారి కాదు. మిగతావాళ్ళు కూడా తప్పులు చేస్తారు గాని నా అంత నిండుగా ఎవరూ పట్టుకోరట. అంపైర్లే నవ్వుకుంటున్నారట.

డారెల్ సార్ నా రెండు చేతుల్లో రెండు టెన్నిస్ బంతులు పెట్టాడు. వాటిని వదలకుండా ఆడాలి. చేతులు ఖాళీ లేకపోతే ఎవరినీ పట్టుకోలేను కదా. బాషా భాయ్‌కి చెప్పు, ఆశన్న మొత్తానికి బంతి ముట్టుకున్నాడని.

నవ్వులాటకు రాశాను గాని లోపల దడగానే ఉంది. క్లబ్బు యజమానులు సార్‌ను పిలిచి మాట్లాడారు. ముందున్నవి పెద్ద ఆటలు. వాటిలో ఇంకొక్కసారి ఇలా చేస్తే వచ్చే ఏడాదికి ఒప్పందం రాసేది లేదన్నారట. సార్ ఆ మాట నాకు చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఆశన్న

*

రాస్ అల్ ఖైమా
జనవరి 2024

తమ్మీ,

పట్టుకోమని నేర్పినవాళ్ళం మేమే, నీ చేతులనేం అంటాను? ఓపిక పట్టు. నాకూ ఈ ఇంట్లో కొత్తలో చేతులు మాట వినేవి కావు, ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో తెలిసేది కాదు. అలవాటయింది. నీకూ అవుతుంది.

అక్క

*

దుబాయ్
మార్చి 2024

అక్కా,

ఇది చదివి ఎవరికీ వినిపించకు. అమీనాబీకి కూడా.

టెన్నిస్ బంతుల సాధన నాకు బాగానే ఒంటబట్టింది. సెమీఫైనల్లో అవతలివాడు నన్ను దాటిపోతుంటే చేయి వేయబోయాను. మైకు గుర్తొచ్చింది, ఒప్పందం గుర్తొచ్చింది, ఆగిపోయాను. వాడు నన్ను దాటాడు. వెనక చప్పుడయింది. తిరిగి చూస్తే కైల్ వెల్లకిలా పడి ఉన్నాడు. తల నేలకు కొట్టుకుంది. కాసేపటికి లేచి, నవ్వి, బొటనవేలు చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఆట మేమే గెలిచాం.

ఆట అయ్యాక బస్సు వెనక నిలబడి వాంతి చేసుకుంటుంటే నేను చూశాను. మర్నాటి నుంచి వాడి గొంతు మారింది. అంకెకూ అంకెకూ మధ్య ఎప్పుడూ లేని ఖాళీ వస్తోంది. మేమెప్పుడో మానేసిన పాత ఎత్తు పేరు చెప్పి ఆడమన్నాడు. మిగతావాళ్ళు తమాషా అనుకున్నారు. నేను అలా అనుకోలేదు. పక్కకు తీసుకుపోయి అడిగితే మొదట కోప్పడ్డాడు, తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకు బ్రదర్. వచ్చే నెల కెనడా వాళ్ళు నన్ను పరీక్షకు పిలిచారు. తలకు దెబ్బని ఒక్కసారి తెలిస్తే ఇక నన్ను ఎవరూ పిలవరు" అన్నాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నేను ఆ రోజు చేయి వేసి ఉంటే వాడికి దెబ్బ తగిలేదే కాదు, ఇంక ఏ ముఖం పెట్టుకుని కాదంటాను?

నిన్న ఫైనల్. చివరి బంతి, మేము వెనకబడి ఉన్నాం. వెనక వాడి గొంతు విన్నాను. ఒకే అంకె రెండుసార్లు చెప్పాడు. బంతి కదిలింది. నా ఎదుటివాడు నా భుజం కిందనుంచి దూరి జారిపోయాడు. ఈసారి నేను ఆగలేదు. రెండు చేతులూ వేసి, నడుము పట్టి, కాలు మెలేసి కింద పడేశాను. ఇది పొరపాటు కాదు అక్కా. తెలిసి చేశాను. వాడు కైల్‌ను చేరితే ఆ తల మళ్ళీ నేలకు తగులుతుంది, అది తప్ప నాకింకేమీ తోచలేదు.

కైల్ విసిరిన బంతి చేరాల్సినచోటికి చేరింది. గ్రౌండంతా కేకలు. అంతలో పసుపు గుడ్డ కనపడింది, ఎక్కడివాళ్ళక్కడ చప్పబడిపోయారు. మైకులో నా నంబరు చెప్పారు. పాయింట్లు రద్దయ్యాయి, ఆట అక్కడితో ముగిసింది, ఓడిపోయాం. లోపల గదిలో ఒక్కడూ నా వైపు చూడలేదు. వీడి పాత జబ్బే అనుకున్నారు.

ఈ రోజు ఆఫీసుకు పిలిచి ఒప్పందం రాయడం లేదని చెప్పారు. ఎందుకు పట్టుకున్నానో చెబితే మనసు మార్చుకుంటారేమో. చెబితే కైల్ సంగతి బయటపడుతుంది. నాకు గోదాము పని వచ్చు, వాడికి ఈ ఆట తప్ప ఇంకేమీ రాదు. పది రోజుల్లో విమానం ఎక్కుతాడు. నా నోరు నేను మూసుకుని మంచి పనే చేశానని అనుకుంటున్నాను. అంతే కదా అక్కా?

ఆశన్న

*

రాస్ అల్ ఖైమా
మార్చి 2024

కాదు.

చాంద్ బాషాను గేటు దగ్గర ఆపి, లారీ ఇంజను కూడా ఆపనివ్వకుండా రాస్తున్నాను. అక్షరాలు సరిగ్గా రాకపోతే కూడబలుక్కుని చదువు.

నేను వంటింట్లో పని చేయడం లేదు. ఎన్నడూ చేయలేదు. ఈ ఇంటి చిన్న కొడుకు యాసీన్‌ను చూసుకుంటాను. నీ ఈడువాడు. నోట్లో గంజి పోస్తాను, మూతి తుడుస్తాను, ఒళ్ళు పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెడతాను. నేను ఎత్తే బస్తా అదే. ఫోన్ మోగితే ఉలిక్కిపడి ఒళ్ళంతా కొయ్యబారిపోతాడు, అందుకే ఆ గదిలోకి ఫోన్ రానివ్వరు. స్నానానికి మగ నర్సు వస్తాడు, నేను సాయం పడతాను. మన ఊళ్ళోవాళ్ళకు ఈ తేడాలు పట్టవు. పరాయి మగవాడి ఒళ్ళు కడిగే పని అంటారు. నువ్వు వింటే అదే రోజు మానేసి రమ్మంటావు. అందుకే అమీనాబీ చేత, బాషా చేత ఒట్టు వేయించుకున్నాను.

యాసీన్ పుట్టుకతో ఇలా లేడు. ఇసుక దిబ్బల మీద బండి తోలే పందేలకు పోయేవాడు. ఒకసారి బండి తిరగబడింది. లేచి నవ్వాడట. ఇంటికొచ్చి వాంతి చేసుకుంటుంటే వాళ్ళన్న ఒక్కడే చూశాడు. వచ్చే వారం పందెం ఉంది, అమ్మకు చెప్పొద్దని చేతులు పట్టుకుని అడిగాడు. అన్న చెప్పలేదు. తర్వాతి వారం మళ్ళీ పడ్డాడు. అది పెద్ద దెబ్బే కాదు తమ్మీ, తలమీది హెల్మెట్ కూడా చెక్కుచెదరలేదు. మొదటి దెబ్బ లోపల మానకముందే రెండోది తగిలిందని డాక్టర్లు చెప్పారు. వాళ్ళమ్మ ఆ మాటలే నాకు చెబుతుంది, చెప్పిన సంగతి మరిచిపోయి మళ్ళీ చెబుతుంది. ఆ రోజు ఎవరైనా తనకు ఒక్క మాట చెప్పి ఉంటే తాళం వేసి ఇంట్లో కూర్చోబెట్టుకునేదాన్నంటుంది.

ఆ అన్న రోజూ వస్తాడు. గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోతాడు, లోపలికి రాడు. ఇన్నేళ్ళలో వాళ్ళమ్మ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అతను ఎముకలు తేలి చిక్కిపోయాడు.

నువ్వు అలాంటి గుమ్మం దగ్గర నిలబడకూడదు. ఒక్క ఊపిరి తీసేంతసేపు నువ్వు కైల్‌ను కాపాడావు. దానికి నీ ఒప్పందం పోగొట్టుకున్నావు, ఇంకెవరైనా అయితే మెచ్చుకునేవాళ్ళు, నేనూ మెచ్చుకుంటాను. కానీ కెనడాలో వాడి ముందు నిలబడేవాడికి ఇదేమీ తెలియదు. వాడి గొంతు ఎలా ఉండేదో, ఎలా మారిందో ఈ భూమ్మీద నీ ఒక్కడికే తెలుసు. మాటిచ్చానంటావు. ఆ మాట తప్పిన పాపం నా మీద వెయ్యి. మా అక్క ఊరుకోలేదని చెప్పు. ఈ కాగితం జేబులో పెట్టుకుని నేరుగా మీ డారెల్ సార్ దగ్గరికి పో. కూర్చుని ఆలోచించకు.

అక్క

*

అల్ ఖూజ్
ఏప్రిల్ 2024

అక్కకు దండాలు.

పోయాను. నీ ఉత్తరం చదివిన గంటలోనే పోయాను. ఇంకాస్త ఆగితే ధైర్యం చాలేది కాదు.

డారెల్ సార్ అంతా విన్నాడు. తర్వాత నన్నొక ప్రశ్న అడిగాడు, ఫైనల్లో పట్టుకున్నది అందుకేనా అని. అవునన్నాను. "మా రోజుల్లో నా తల గురించి ఎవ్వరూ నోరు తెరవలేదు" అన్నాడు. తను మొదట ఆడిన ఊరి పేరు ఇప్పుడు భార్యను అడిగి తెలుసుకోవాల్సి వస్తోందట. ఇన్నాళ్ళూ నాకది తెలియదు. అదే సాయంత్రం కైల్‌ను ఆసుపత్రికి తీసుకుపోయారు. దెబ్బ ఇంకా మానలేదని తేలింది. చాలా నెలలు మైదానంలో కాలు పెట్టకూడదన్నారు. కెనడా పరీక్ష పోయింది.

కైల్ మా గదికొచ్చాడు. నేను కూర్చోమన్నా కూర్చోలేదు. "నీ పక్క చూసుకోకుండా ఆడాను యాష్, నువ్వున్నావని. వెనక నుంచి నన్ను పొడిచింది నువ్వే" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవన్నీ రాయలేను. మర్నాడు అమెరికా వెళ్ళిపోయాడు. మెసేజ్ పెడదామంటే నా నంబరు బ్లాక్ చేసేశాడు.

నా ఒప్పందం మారలేదు. సార్ యజమానులతో గొడవపడ్డాడు గాని, ఫైనల్ పోగొట్టినవాడన్న పేరు అప్పటికే పడిపోయింది. గోదాము ముదీర్ మాత్రం పాత జీతానికే మళ్ళీ తీసుకున్నాడు. నిన్నటి నుంచి టైల్స్ మోస్తున్నాను.

నీ పని సంగతి ముందే చెప్పి ఉంటే నువ్వన్నట్టే మానేయమని గొడవ చేసేవాణ్ణి. ఇప్పుడు అనను. ఊళ్ళో ఎవడైనా అంటే వాడికి నేను జవాబు చెబుతాను. నడుముకు పట్టీ ఒకటి కొన్నాను, మా ఆటగాళ్ళు బరువులెత్తేటప్పుడు కట్టుకునేది. యాసీన్‌ను పక్కకు తిప్పేటప్పుడు కట్టుకో.

చేసింది సరైన పనేనని తెలుసు. దిగులు మాత్రం పోవడం లేదు. వాడు ఇక నా ముఖం చూడడు అక్కా. ఎక్కడున్నా నన్ను తిట్టుకుంటూనే ఉంటాడు.

ఆశన్న

*

రాస్ అల్ ఖైమా
ఏప్రిల్ 2024

తమ్మీ,

పట్టీ కట్టుకునే రాస్తున్నాను. బాగా బిగుతుగా ఉంది, హాయిగా ఉంది. నీ ఉత్తరం నేను ఏడుస్తూ చదువుతుంటే యాసీన్ వాళ్ళమ్మ చూసి ఏమైందని అడిగింది. వచ్చిన అరబ్బీలో సంగతంతా చెప్పాను. ఆమె నీ పేరు అడిగి రెండుసార్లు పలికింది. నమాజులో నీ పేరు తలుచుకుంటానంది.

కైల్ కోపానికి నువ్వు దిగులు పడుతున్నావు. నాకు ఆ దిగులు లేదు, ఎందుకో చెబుతాను విను. మొన్న నా చేయి వణికి వేడి సూప్ యాసీన్ మెడ మీద ఒలికింది. తోలు ఎర్రగా కందిపోయింది. నేను ఏడుస్తూ తుడుస్తున్నాను, క్షమించమంటున్నాను. వాడు గోడ వైపే చూస్తున్నాడు. గంజి చల్లారినా తాగుతాడు, ఉప్పు మరిచిపోయినా తాగుతాడు. ఒక్కసారి, ఒక్క పూటైనా విసుక్కుని నా చేయి నెట్టేస్తాడేమోనని ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి ఎదురుచూస్తున్నాను. వాళ్ళమ్మ దానికోసమే బతుకుతోంది.

కైల్‌ను తిట్టనివ్వు తమ్మీ. ఎన్నాళ్ళు తిడితే అన్నాళ్ళు తిట్టనివ్వు.

అక్క